ఆర్టీసీ: డబ్బు రాని రూటు ఎవరి ఖర్చు?

తెలుగు నేల మీద ఆర్టీసీ అంటే ఇప్పుడు రెండు సంస్థలు. విజయవాడ కేంద్రంగా నడిచే ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థ ఒకటి, హైదరాబాద్ బస్ భవన్ నుంచి నడిచే తెలంగాణ సంస్థ ఇంకొకటి. రాష్ట్రం విడిపోక ముందు రెండూ ఒకటే. ఆ ఉమ్మడి సంస్థ 1999 అక్టోబరు 31న, 18,397 బస్సులతో, ప్రపంచంలోనే అతి పెద్ద బస్సుల సంస్థగా గిన్నిస్ పుస్తకానికెక్కింది. దాని పుట్టుక మాత్రం 1932లో, నిజాం రాజ్యంలో. ఈ తొంభై ఏళ్ల పైచిలుకు చరిత్రను మామూలుగా నష్టాల లెక్కగానో, సమ్మెల వరసగానో చెబుతుంటారు. రెండూ నిజమే అయినా, అసలు సంగతి వాటి వెనక ఉంది. నడిపితే డబ్బు రాని రూటును ఎవరి డబ్బుతో నడపాలి? ఈ ఒక్క ప్రశ్నకు కాలానికొక జవాబు దొరుకుతూ వచ్చింది. మొదట ఆ ఖర్చు రైల్వే మోసింది, తర్వాత దూర ప్రయాణాలు చేసేవాళ్లు మోశారు, ఇప్పుడు ఖజానా మోస్తోంది. సంస్థ రూపం మారిన ప్రతిసారీ నిజానికి మారింది ఆ మోసే భుజమే.

1930లో నిజాం ప్రభుత్వం రైల్వేను ప్రైవేటు కంపెనీ చేతిలోంచి తన చేతిలోకి తీసుకుంది. అప్పటికే రోడ్ల మీద మోటారు బస్సులు రైలు ప్రయాణికులను లాగేసుకుంటున్నాయి. ఇది హైదరాబాద్ ఒక్కదాని బాధే కాదు. బ్రిటిష్ ఇండియాలోనూ అదే ఏడాదుల్లో రైలు, రోడ్డు పోటీ మీద మిచెల్, కిర్క్‌నెస్ అనే ఇద్దరు అధికారుల చేత విచారణ జరిపించారు. నిజాం రైల్వే ఆ పోటీతో తలపడకుండా తానే బస్సులు దించింది. 1932 జూన్‌లో నిజాం స్టేట్ రైల్వే రోడ్డు రవాణా విభాగం 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో మొదలైంది. అవి అల్బియన్ కంపెనీ బస్సులు. వాటిలో ఒకదాన్ని బస్ భవన్‌లో ఇప్పటికీ భద్రంగా ఉంచారు. తిరువాన్కూరు సంస్థానం ఇలాంటి సర్వీసులు 1938లో గానీ మొదలుపెట్టలేదు కాబట్టి, దేశంలో ప్రభుత్వం నడిపిన తొలి బస్సుల వ్యవస్థల్లో దీన్ని ముందు చెప్పుకోవాలి. ఆర్టీసీ బండి నంబర్లలో కనిపించే జెడ్ అక్షరం నిజాం తల్లి జహ్రా బేగం పేరు మీద పెట్టిందని జనం చెప్పుకుంటారు. ఆ ముచ్చట అలా ఉంచితే, ఇక్కడ గమనించాల్సింది జమాఖర్చుల పద్ధతి. బస్సు అప్పుడు రైల్వేకు అనుబంధం. స్టేషనుకు దూరంగా ఉన్న ఊళ్ల జనాన్ని రైలు దగ్గరికి తెచ్చి దించడం దాని పని. ఒక బస్సు విడిగా లాభంలో ఉందా లేదా అన్నది రెండో సంగతి. అది తెచ్చిన మనిషి రైలు టికెట్టు కొన్నాడా అన్నదే లెక్క.

ఆ లెక్క స్వాతంత్ర్యం తర్వాత తెగిపోయింది. రైల్వే కేంద్రానికి పోయింది, బస్సుల విభాగం 1951 నవంబరు 1న హైదరాబాద్ రాష్ట్ర ప్రభుత్వానికి దక్కింది. అంటే అన్నం పెట్టే అన్నను వదిలి తమ్ముడు వేరుపడ్డాడు. భాషా ప్రయుక్త రాష్ట్రం ఏర్పడ్డాక, 1950 నాటి రోడ్డు రవాణా సంస్థల చట్టం కింద 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ అవతరించింది. ఆ చట్టంలోనే ఒక చిక్కు ముడి ఉంది. చాలినన్ని, చవకైన, సమన్వయం ఉన్న సర్వీసులు నడపడం సంస్థ విధి అని 18వ సెక్షన్ అంటుంది. వ్యాపార సూత్రాల మీదే నడవాలని 22వ సెక్షన్ అంటుంది. ఆపైన 34వ సెక్షన్ కింద ప్రభుత్వం ఆదేశాలు ఇవ్వవచ్చు. చవకగా అన్ని ఊళ్లకూ పోవాలి, వ్యాపారంలా నడవాలి, పైనుంచి చెప్పినట్టు వినాలి: మూడూ ఒకేసారి ఎలా కుదురుతాయో చట్టం చెప్పలేదు. కుదిర్చిన ఉపాయం పేరు జాతీయీకరణ. లాభం వచ్చే రూట్లు కూడా సంస్థ చేతిలో ఉంటే, ఆ లాభంతో నష్టం వచ్చే రూట్లు నడిపించవచ్చు.

తెలంగాణలో ఇది అప్పటికే అలవాటైన పద్ధతి. కోస్తాలో, రాయలసీమలో మాత్రం ప్రైవేటు బస్సు యజమానులు బలంగా వేళ్లూనుకుని ఉన్నారు. కృష్ణా జిల్లా రూట్లను తీసుకోబోగా యజమానులు సుప్రీంకోర్టుకెక్కారు. 1958లో వచ్చిన గుళ్లపల్లి నాగేశ్వరరావు కేసు తీర్పు ఇప్పటికీ దేశమంతటా లా విద్యార్థులకు పాఠం. అభ్యంతరాలు విన్నది రవాణా శాఖ కార్యదర్శి, నిర్ణయం చేసింది ముఖ్యమంత్రి. వినేది ఒకరు, తీర్పు చెప్పేది మరొకరు అయితే అది విచారణే కాదని కోర్టు ఆ పథకాన్ని కొట్టేసింది. మెజారిటీ తీర్పు రాసిన న్యాయమూర్తి కోకా సుబ్బారావు కూడా తెలుగువారే కావడం ఒక కాకతాళీయం. ముఖ్యమంత్రే స్వయంగా విచారణ జరిపాక, మరుసటి ఏడాది వచ్చిన రెండో కేసులో ప్రభుత్వం నెగ్గింది. కర్నూలు జిల్లా వ్యవహారం ఇంకా ముదిరింది. వేరే జిల్లాలు ముందుండగా వరస మార్చి కర్నూలును తీసుకున్నారని, అక్కడి బస్సు యజమానులు ముఖ్యమంత్రికి రాజకీయ ప్రత్యర్థులు కావడమే దానికి కారణమని యజమానులు ఆరోపించారు. ముఖ్యమంత్రి ఆ ఆరోపణను ఖండిస్తూ అఫిడవిట్ వేయలేదు. సుప్రీంకోర్టు దురుద్దేశం ఉన్నట్టే భావించి ఆ పథకాలను రద్దు చేసింది. ఆ వ్యాఖ్యల దరిమిలా 1964 ఫిబ్రవరిలో ముఖ్యమంత్రి నీలం సంజీవరెడ్డి పదవికి రాజీనామా చేశారు. బస్సు రూట్ల మీద ముఖ్యమంత్రి పదవి పోయిన సందర్భం దేశ చరిత్రలో అరుదు.

జాతీయీకరణ అంతా కక్ష రాజకీయమేనన్న వాదనకు కర్నూలు కేసు బలమైన సాక్ష్యమే, దాన్ని కప్పిపుచ్చనక్కర్లేదు. అయితే కోర్టు తప్పుపట్టింది ఎంపిక చేసిన తీరును, చేసిన మనిషిని. రూట్లు ప్రభుత్వం తీసుకోవడమనే అధికారాన్ని కాదు. ఆ అధికారం తర్వాతా నిలిచింది. 1988 మోటారు వాహనాల చట్టంలో ప్రత్యేక అధ్యాయంగా ఇప్పటికీ ఉంది. పైగా ఆ రూట్ల ఆదాయం లేకుండా లోపలి ఊళ్లకు బస్సు పోయేదా అన్న ప్రశ్నకు యజమానుల వాదనలో జవాబు లేదు. వాళ్లు పోరాడింది పట్టణాల మధ్య రూట్ల కోసం.

ఆ ఆదాయం ఎలా సర్దుబాటు అవుతుందో తెలియాలంటే డిపో స్థాయికి దిగాలి. సంస్థకు ప్రాణం డిపోలో ఉంది. విభజన నాటికి రెండు రాష్ట్రాల్లో కలిపి రెండు వందలకు పైగా డిపోలు ఉన్నాయి. ఒక్కో డిపో మేనేజరు కింద ఒకే గ్యారేజీలోంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, డీలక్స్, సూపర్ లగ్జరీ బస్సులు బయలుదేరతాయి. పైన గరుడ, అమరావతి, వెన్నెల, రాజధాని, లహరి లాంటి పేర్లతో ఏసీ, స్లీపర్ సర్వీసులు. తిరుమల ఘాట్ రోడ్డు మీద సప్తగిరి. కిలోమీటరుకు వచ్చిన ఆదాయం, సీట్లు ఎంత శాతం నిండాయో చెప్పే ఓఆర్, లీటరు డీజిలుకు వచ్చిన కిలోమీటర్లు: డిపోలో రోజూ మాట్లాడుకునేది ఈ మూడు అంకెల గురించే. వీటికి మూలం కండక్టరు రాసే కాగితం. టికెట్టు కొట్టే టిమ్స్ యంత్రాలు రాకముందు ప్రతి స్టేజీ దగ్గర టికెట్ల ట్రే నంబర్లను ఎస్సార్ అనే ఆ కాగితంలో నింపి మూసెయ్యాలి. చెకింగ్ స్క్వాడ్ ఎక్కినప్పుడు ఆ నంబర్లు మూసి లేకపోతే చార్జిషీటే. కండక్టర్ల ఉద్యోగాల మీద కోర్టుల్లో నడిచిన కేసుల్లో ఎన్నో ఈ ఒక్క కాగితం చుట్టూ తిరిగినవే. కోట్ల రూపాయల నగదు రోజూ చిల్లర రూపంలో, వేల చేతుల మీదుగా, చెట్టు కింది స్టాపుల్లో వసూలయ్యే సంస్థకు అంత కరుకుదనం తప్పలేదు.

నైట్ హాల్ట్ బస్సును చూస్తే ఆ అంకెలు చెప్పనిది తెలుస్తుంది. పట్నం నుంచి ఆఖరి ట్రిప్పుగా రాత్రికి ఊరు చేరిన పల్లెవెలుగు తెల్లవార్లూ అక్కడే ఆగుతుంది. డ్రైవరు, కండక్టరు బస్సులోనో, పంచాయతీ ఆఫీసు అరుగు మీదో నడుము వాలుస్తారు. తెల్లవారుజామున అదే బస్సు కూరగాయల గంపలతో, పాస్‌లున్న కాలేజీ పిల్లలతో, ఆసుపత్రికి పోయేవాళ్లతో పట్నానికి తిరిగి వెళ్తుంది. రాత్రి వచ్చేటప్పుడు ఆఖరి పది కిలోమీటర్లు దాదాపు ఖాళీ. పొద్దున సగం మందివి రాయితీ పాస్‌లు. డిపో పుస్తకంలో ఈ సర్వీసు ఎప్పుడూ ఎర్ర సిరాలోనే ఉంటుంది. కానీ ఈ బస్సు తెచ్చి దించినవాళ్లలో కొందరు అదే బస్టాండులో హైదరాబాద్ ఎక్స్‌ప్రెస్ ఎక్కుతారు, ఆ ఆదాయం ఎక్స్‌ప్రెస్ ఖాతాలో పడుతుంది. రూటు రూటుకూ విడిగా లాభనష్టాలు కట్టే పద్ధతిలో ఈ సంబంధం కనబడదు. నిజాం రైల్వే నాటి లెక్కే ఇది. రైలు స్థానంలోకి ఎక్స్‌ప్రెస్ వచ్చింది, అంతే. ‘ఎర్ర బస్సెక్కి వచ్చాడు’ అని పట్నంవాళ్లు వెక్కిరించినవాడే ఆ ఎక్స్‌ప్రెస్‌ను నింపింది.

సంక్రాంతి స్పెషళ్ల మీద ఏటా వచ్చే రగడకూ మూలం ఈ జమాఖర్చే. పండగ ముందు హైదరాబాద్ నుంచి కోస్తా వైపు బస్సులు కిక్కిరిసి పోతాయి, తిరుగు ప్రయాణంలో ఖాళీగా వస్తాయి. అందుకని స్పెషల్ సర్వీసుల్లో చాలాకాలం టికెట్టుకు యాభై శాతం అదనంగా వసూలు చేశారు. జనానికి అది దోపిడీలా కనబడింది. రెండు వైపుల డీజిలు ఖర్చునూ ఒక వైపు టికెట్టు నుంచే రాబట్టాలంటే అది తక్కువేనని లెక్క చెబుతుంది. అదే వారం ప్రైవేటు ట్రావెల్స్ రేట్లు రెట్టింపు, మూడు రెట్లు అవుతాయన్నది అందరికీ తెలుసు. వాటికి పై హద్దు లేదు.

ఈ ట్రావెల్స్ సంగతికే రావాలి, ఎందుకంటే దూర ప్రయాణికుడి డబ్బుతో పల్లె బస్సు నడిపే ఏర్పాటుకు గండి పడింది ఇక్కడే. చట్టం ప్రకారం ప్రైవేటు బస్సుల్లో ఎక్కువ వాటికి ఉన్నది కాంట్రాక్టు క్యారేజీ పర్మిటు. అంటే పెళ్లి బృందాన్నో, యాత్రికుల గుంపునో మొత్తంగా ఒక చోటు నుంచి మరో చోటుకు తీసుకుపోవచ్చు. దారిలో ఎక్కించుకుంటూ, ఎవరి టికెట్టు వాళ్లకు అమ్మడం స్టేజీ క్యారేజీ పని, అది ఆర్టీసీది. ఆచరణలో ఈ గీత ఎప్పుడో చెరిగిపోయింది. ఆన్‌లైన్‌లో సీటు సీటుకూ టికెట్లు అమ్ముతూ, పన్ను తక్కువగా ఉన్న ఇతర రాష్ట్రాల్లో రిజిస్ట్రేషన్ చేయించుకుని, హైదరాబాద్–విజయవాడ, హైదరాబాద్–బెంగళూరు లాంటి గిరాకీ రూట్లనే ఎంచుకుని ఆ బస్సులు నడుస్తున్నాయి. దీన్ని పోటీ అంటారు సమర్థకులు. ప్రయాణికుడికి మంచి సీటు, మంచి బస్సు దొరికిన మాట నిజమే. గరుడ లాంటి ఏసీ సర్వీసులను ఆర్టీసీ దించడంలోనూ ఆ పోటీ ఒత్తిడి ఉంది. కానీ ఒకడికి అన్ని ఊళ్ల బరువూ మోపి, రెండోవాడికి మీగడ మాత్రం వదిలేస్తే దాన్ని సమాన పోటీ అనలేం. భద్రత విషయంలోనూ ఈ గీత చెరగడం ప్రాణాల మీదికి తెచ్చింది. 2013 అక్టోబరు 30న మహబూబ్‌నగర్ జిల్లా పాలెం దగ్గర బెంగళూరు నుంచి వస్తున్న ప్రైవేటు ఏసీ బస్సు మంటల్లో చిక్కి 45 మంది కాలిపోయారు. 2025 అక్టోబరు 24న కర్నూలు దగ్గర చిన్నటేకూరులో అలాంటి ఘోరమే మళ్లీ జరిగింది. ఆర్టీసీ బస్సులకు ప్రమాదాలు జరగవా అంటే, 2018 సెప్టెంబరు 11న జగిత్యాల జిల్లా కొండగట్టు ఘాట్‌లో ఆర్టీసీ బస్సు లోయలో పడి అరవై మందికి పైగా చనిపోయారు. అందులో వందమందికి పైగా ఎక్కి ఉన్నారు. కొండగట్టు చెప్పేది సరిపడా బస్సులు లేకపోవడం గురించి. పల్లె రూట్లలో ట్రిప్పులు తగ్గిస్తే జనం తగ్గరు, ఉన్న బస్సులోనే ఇరుక్కుంటారు. లేదంటే షేర్ ఆటోల అంచుల మీద వేళ్లాడతారు.

సంస్థ మీద వచ్చే బలమైన విమర్శ వేరు: సిబ్బంది ఎక్కువ, జీతాలు ఎక్కువ, సామర్థ్యం తక్కువ, నష్టాలకు అవే కారణం అని. దీన్ని కొట్టిపారేయలేం. రాబడిలో పెద్ద ముక్క జీతాలకే పోతుంది. 2015 మే నెల సమ్మె తర్వాత ఆంధ్రలో 43 శాతం, తెలంగాణలో 44 శాతం ఫిట్‌మెంట్ ఇచ్చారు. ఆ స్థాయిలో చార్జీలు మాత్రం పెంచలేదు. అయితే అది మేనేజరు నిర్ణయం కాదు, రెండు ప్రభుత్వాల పోటీ. ఇంజను నుంచి రాబట్టే మైలేజీలో, బస్సును రోజుకు తిప్పే కిలోమీటర్లలో ఉమ్మడి సంస్థ దేశంలో ముందు వరసలో ఉండేది. ఇంధన పొదుపు అవార్డులు తరచూ దానికే వచ్చేవి. అలాంటి సంస్థ కూడా నష్టాల్లో ఉందంటే జబ్బు గ్యారేజీలో లేదు. 2013 జనవరిలో కేంద్రం టోకు కొనుగోలుదార్లకు డీజిలు సబ్సిడీ ఎత్తేసింది. పెద్దఎత్తున కొనేవాడికి ధర తగ్గాల్సింది పోయి లీటరుకు పది రూపాయలకు పైగా పెరిగింది. డిపోలో సొంత బంకు పెట్టుకున్న సంస్థ, బస్సులను ఊళ్లోని మామూలు పెట్రోలు బంకులకు పంపించి డీజిలు కొట్టించాల్సి వచ్చింది. 2022లో మళ్లీ అదే పరిస్థితి వచ్చింది. డీజిలు ధర ఢిల్లీలో, చార్జీ, జీతం రాష్ట్ర రాజధానిలో నిర్ణయమవుతుంటే డిపో మేనేజరు చేతిలో మిగిలేది ట్రిప్పు రద్దు చేయడం ఒక్కటే. రద్దయ్యే ట్రిప్పు ఎప్పుడూ పల్లెదే.

రాష్ట్ర విభజన ఈ ఏర్పాటును మరో వైపు నుంచి తెంచింది. 2015 జూన్ నుంచి కార్యకలాపాలు విడిపోయాయి, 2016 ఏప్రిల్ 27న తెలంగాణ సంస్థ లాంఛనంగా ఏర్పడింది. ఆస్తుల పంపకం షీలా భిడే కమిటీ దాకా వెళ్లినా కొలిక్కి రాలేదు. అసలు ఆస్తి బస్ భవన్ కాదు, హైదరాబాద్–విజయవాడ రోడ్డు. ఉమ్మడి రోజుల్లో హైదరాబాద్ రాకపోకల రూట్లను ఎక్కువగా ఆంధ్ర డిపోలే నడిపేవి. విభజన తర్వాతా ఆంధ్ర సంస్థ 1,009 బస్సులతో రోజుకు 2,65,367 కిలోమీటర్లు తెలంగాణలో తిరిగేది. తెలంగాణ సంస్థ 746 బస్సులతో 1,52,344 కిలోమీటర్లే ఆంధ్రలో తిరిగేది. కోవిడ్ లాక్‌డౌన్‌లో ఆగిన బస్సులను తిరిగి నడిపేటప్పుడు తెలంగాణ పట్టుబట్టింది, కిలోమీటర్లు సమానంగా ఉంటేనే అని. నెలల తరబడి సరిహద్దు దాటి బస్సు పోలేదు. 2020 నవంబరు 2న కుదిరిన ఒప్పందంతో ఆంధ్ర తన కిలోమీటర్లను 1,60,999కి, బస్సులను 638కి కుదించుకుంది. తెలంగాణ 826 బస్సులతో 1,61,258 కిలోమీటర్లకు పెరిగింది. అంటే ఆంధ్ర వదులుకున్నది రోజుకు లక్షకు పైగా కిలోమీటర్లు, అదీ గిరాకీ ఉన్న రూట్లలో. కొంత తెలంగాణకు దక్కింది, మిగతాది ఖాళీగా ఉండిపోయింది. ఆ ఖాళీ ప్రైవేటు ట్రావెల్స్‌కు అందివచ్చింది.

అంతకు ఏడాది ముందే తెలంగాణలో అసలు ప్రశ్న రోడ్డున పడింది. 2019 అక్టోబరు 5 నుంచి నవంబరు 25 దాకా దాదాపు 48,000 మంది కార్మికులు 52 రోజులు సమ్మె చేశారు. మొదటి డిమాండు సంస్థను ప్రభుత్వంలో కలపడం. విధులకు రానివాళ్లు తమకు తామే ఉద్యోగం వదులుకున్నట్టేనని ప్రభుత్వం ప్రకటించింది. కొందరు కార్మికులు ఆత్మహత్య చేసుకున్నారు. నవంబరులో మంత్రివర్గం 5,100 రూట్లను ప్రైవేటుకు ఇస్తామని తీర్మానించింది, హైకోర్టు కూడా అది చట్టబద్ధమేనంది. అదే కేసుల్లో కేంద్రం, ఉమ్మడి సంస్థలో ఉన్న తన వాటా తెలంగాణ సంస్థకు దానంతటదే రాదని, దాని ఏర్పాటుకు తన అనుమతి లేదని వాదించింది. సమ్మె ఓడింది. కార్మికులను మళ్లీ తీసుకున్నారు, కిలోమీటరుకు 20 పైసల చొప్పున చార్జీ పెరిగింది, 5,100 రూట్ల మాట మళ్లీ వినబడలేదు. ఆ మాట ఎందుకు మాయమైందో ఆలోచిస్తే, ఊరూరా బస్సు నడిపే బాధ్యతతో పాటు రూట్లు తీసుకునేవాడు అంత తేలిగ్గా దొరకడన్నది ఒక కారణమై ఉండాలి.

తెలంగాణ కాదన్నది ఆంధ్రలో అయింది. విలీనం మీద వేసిన ఆంజనేయరెడ్డి కమిటీ నివేదిక తర్వాత చట్టం చేసి, 2020 జనవరి 1 నుంచి యాభై వేలకు పైగా ఉద్యోగులను కొత్తగా పెట్టిన ప్రజా రవాణా శాఖలోకి తీసుకున్నారు. వింతేమంటే సంస్థ రద్దు కాలేదు. బస్సులు, స్థలాలు, అప్పులు సంస్థవి. నడిపే మనుషులు ప్రభుత్వం మనుషులు. జీతాలు ఖజానా ఇస్తుంది, సంస్థ తన రాబడిలో కొంత వాటా ఖజానాకు కడుతుంది. తెలంగాణ శాసనసభ కూడా 2023 ఆగస్టులో 43,373 మందిని విలీనం చేసుకునే బిల్లు ఆమోదించింది. అమలు మాత్రం ఎన్నికల తర్వాత సాగదీతలో పడింది.

ఖజానా ఇంత దూరం వచ్చాక సున్నా టికెట్టు రావడంలో ఆశ్చర్యం లేదు. 2023 డిసెంబరు 9న తెలంగాణ మహాలక్ష్మి పేరుతో, 2025 ఆగస్టు 15న ఆంధ్ర స్త్రీశక్తి పేరుతో, పల్లెవెలుగు నుంచి ఎక్స్‌ప్రెస్ దాకా మహిళలకు ప్రయాణం ఉచితం చేశాయి. ఆధార్ చూపిస్తే కండక్టరు విలువ సున్నాగా ఉన్న టికెట్టు కొట్టి ఇస్తాడు. అసలు చార్జీ ప్రభుత్వం ఖాతాలో రాసుకుంటారు. తెలంగాణలో 2025 జూలైకి ఇలాంటి ప్రయాణాలు 200 కోట్లు దాటాయి, వాటి విలువ సుమారు 6,700 కోట్ల రూపాయలని ప్రభుత్వం చెప్పింది. భాగిస్తే ఒక్కో ప్రయాణం 34 రూపాయల లోపు. విహారయాత్రల కోసం తిరుగుతున్నారన్న వెటకారానికి ఈ సగటే జవాబు. అంత చార్జీకి పక్క మండలం దాటడం కష్టం. కూలికి, కాలేజీకి, ఆసుపత్రికి పోయే దూరాలవి. ఆటోవాళ్ల గిరాకీ పడిపోయిందన్న ఫిర్యాదు మాత్రం నిజమైనదే. సీట్లు దొరకని మగవాళ్ల విసుగూ అంతే. రెంటికీ మందు ఎక్కువ బస్సులు. సంస్థ చేతికి నగదు బదులు బకాయి బిల్లు వస్తున్నంత కాలం కొత్త బస్సులు కొనడం తేలిక కాదు.

అందుకే బస్సు సొంతదారు కూడా మారుతున్నాడు. అద్దె బస్సులు ఎప్పటి నుంచో ఉన్నాయి: బండి, డ్రైవరు యజమానివి, కండక్టరు, రూటు ఆర్టీసీవి, చెల్లింపు కిలోమీటరుకింత. 2019లో హైదరాబాద్ విమానాశ్రయం రూట్లలో, 2022లో తిరుమల ఘాట్ మీద వచ్చిన ఎలక్ట్రిక్ బస్సులు ఇదే పద్ధతిని పెద్ద ఎత్తుకు తీసుకుపోయాయి. బస్సు, బ్యాటరీ, డ్రైవరు కంపెనీవి. ప్రయాణికులు ఎక్కినా ఎక్కకపోయినా ఏళ్ల తరబడి కిలోమీటరు రేటు చెల్లించాలన్న కాంట్రాక్టు సంస్థది. ఖాళీ సీట్ల నష్టం ఇప్పుడు పూర్తిగా ఆర్టీసీ మీద, దాని మీదుగా ఖజానా మీద పడుతుంది. చార్జింగ్ వసతి, రోజుకు నిర్ణీత కిలోమీటర్ల షరతు ఉండటంతో ఈ బస్సులకు పట్టణాలు, ఏసీ రూట్లే అనువుగా ఉన్నాయి. నైట్ హాల్ట్ ఊళ్లకు ఇప్పటికీ పోతున్నది డిపో సొంత డీజిలు బండే, అదీ ఎక్కువ చోట్ల లక్షల కిలోమీటర్లు తిరిగి ఎక్స్‌ప్రెస్ నుంచి పల్లెవెలుగుగా మార్చినది.